సముద్రం లేని ఊరిలో పగడాలు

రాయపూర్ నగరంలో ఒక మెరైన్ డ్రైవ్ ఉన్నది. సముద్రం మాత్రం లేదు. తేలీబాంధా చెరువు గట్టును తీర్చిదిద్దిన తరువాత పౌరులు ముచ్చటపడి దానికి బొంబాయి సాగరతీరపు వీధి పేరు పెట్టుకున్నారు. సాయంకాలం వేళ అక్కడ గాలికి తిరిగే కుటుంబాలలో తెలుగు మాట కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. రైల్వే కొలువులకు, భిలాయి ఉక్కు కర్మాగారానికి, వ్యాపారాలకు వచ్చి స్థిరపడిన తెలుగువారు ఈ ప్రాంతంలో తరాలుగా ఉన్నారు. వారికి సముద్రమంటే విశాఖపట్నమే. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా కొండలను చుట్టి వెళ్ళే రైలులో అయిదు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. సెలవులకు వెళ్ళిన పిల్లలు జేబుల నిండా గవ్వలు నింపుకొని తిరిగి వస్తారు.

గవ్వలతో తృప్తి పడని వారూ ఉంటారు. ముందు ఎర్రని, బంగారు రంగు మంచినీటి చేపలు. తరువాత ఉప్పునీటి తొట్టె. అందులో నారింజ రంగుపై తెల్లని పట్టీలున్న విదూషక చేపల జంట. ఆ తరువాత ఒకనాటికి తప్పక పుట్టే కోరిక ఒకటున్నది: రాతిని అంటిపెట్టుకొని, దీపపు వెలుగులో రేకులు విప్పే ఒక చిన్న సజీవ ప్రవాళం. చేపను పెంచడం ఒక ఎత్తు, పగడాన్ని పెంచడం మరొక ఎత్తు. చేప తనకు బాధ కలిగితే అటూ ఇటూ తిరిగి తెలియజేస్తుంది. పగడం కదలదు, మెదలదు, ముడుచుకుంటుంది, అంతే. దాని భాష నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

తెలుగు ఇంటికి పగడం కొత్త వస్తువు కాదు. నవరత్నాలలో అది ఒకటి. కుజ గ్రహానికి ప్రీతికరమని ఉంగరంలో పొదుగుతారు. నల్లపూసల నడుమ ఎర్రపూసగా ముత్తయిదువ మెడలో నిలుస్తుంది. అయితే ఆ పూస ఒక ప్రాణి విడిచిన గూడు మాత్రమేనన్న సంగతి చాలామందికి తట్టదు. తట్టకపోవడంలో వింత లేదు. ఐరోపా పండితులకు సైతం ఆ విషయం చాలాకాలం బోధపడలేదు. 1706లో మార్సిలీ అనే ఇటలీ విద్వాంసుడు, అప్పుడే నీటి నుండి తీసిన ఎర్ర పగడపు కొమ్మపై తెల్లని ‘పువ్వులు’ విచ్చుకోవడం చూసి, పగడం మొక్కేనని తీర్మానించాడు. సుమారు ఇరవై ఏండ్ల తరువాత పెయసొనెల్ అనే మార్సేల్స్ వైద్యుడు ఉత్తరాఫ్రికా తీరంలో వాటిని పరీక్షించి, అవి పువ్వులు కావు, పురుగుల వంటి ప్రాణులని వ్రాసి పంపాడు. పారిస్ విజ్ఞాన పరిషత్తులో ఘనుడైన రేయొమ్యూర్ ఆ మాట నమ్మలేదు. పైగా ఇటువంటి వింత మాట చెప్పినవాడు నవ్వులపాలు కాకూడదన్న దయతో, దానిని ప్రస్తావించినప్పుడు రచయిత పేరు దాచిపెట్టాడు! నిజం అంగీకారం పొందడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది.

వైద్యుడు చెప్పినదే నిజం. కాని ఓడిన పక్షంలో కూడా కొంత సత్యమున్నదని తరువాతి పరిశోధనలు వెల్లడించాయి. దిబ్బలు కట్టే పగడాల మెత్తని దేహంలో, కణాల లోపల, కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. 1881లో కార్ల్ బ్రాంట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దానికి జూజాంథెల్లా అని పేరు పెట్టాడు. ఆ నాచు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి ఇంటి యజమానికి ఇస్తుంది. యజమాని విసర్జించిన నత్రజనిని, బొగ్గుపులుసు వాయువును తాను తీసుకుంటుంది. పగడానికి కావలసిన శక్తిలో తొంభై శాతం వరకు ఈ అద్దెదారు సమకూర్చే సందర్భాలున్నాయి. పగడపు రంగులో చాలా భాగం కూడా దానిదే. అందుచేత ఇంటి తొట్టెలో పగడం ఉంచదలచినవాడు ఒక జంతువును, ఒక వృక్షాన్ని ఒకేసారి పోషిస్తున్నాడన్నమాట. దీపం తక్కువైతే అద్దెదారు పస్తు. నీరు వేడెక్కితే యజమాని అద్దెదారును వెళ్ళగొడుతుంది. అలా వెళ్ళగొట్టబడినప్పుడు తెల్లని ఎముక బయటపడుతుంది. శాస్త్రజ్ఞులు దీనినే పగడాలు వెలిసిపోవడం అంటారు.

రాయపూర్‌కు, సముద్రానికి సంబంధమే లేదనడం కూడా పూర్తిగా సరికాదు. ఆ ప్రాంతమంతా పరుచుకొని ఉన్న సున్నపురాయి ఒకప్పటి సముద్రపు అడుగు. వంద కోట్ల ఏండ్లకు పూర్వం అక్కడ నిస్సారమైన వెచ్చని సముద్రముండేది. అందులో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రొమాటొలైటులు నేటికీ రాళ్ళలో వలయాలుగా కనిపిస్తాయి. పగడాలు భూమి మీద పుట్టడానికి చాలా ముందు దిబ్బలు కట్టినవి అవే. ఛత్తీస్‌గఢ్‌లో ఇన్ని సిమెంటు కర్మాగారాలు వెలసినది ఆ రాతి చలవ వల్లనే. ఇండ్లలో పరిచే ఫర్షీ పలకలూ ఆ రాయే. రాష్ట్రానికి ఉత్తరాన మనేంద్రగఢ్ వద్ద హసదేవ్ నది ఒడ్డున మరొక సముద్రపు ఆనవాళ్ళున్నాయి. అక్కడి శిలాజ గుల్లలు సుమారు 28 కోట్ల ఏండ్ల నాటివి. 1982లో దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు.

పాత సముద్రం ఉండనే ఉన్నది గదా అని ఆ ఊరి బోరునీటితో తొట్టె నింపితే మాత్రం పని చెడుతుంది. సున్నపురాతి గుండా ఊరిన నీరు కఠినజలం. కాల్షియం ఉన్నది నిజమే కాని, ఏది ఎంత పాళ్ళలో ఉన్నదో తెలియదు. దానితోపాటు వచ్చే నైట్రేటు, ఇతర లవణాలు లెక్కను తారుమారు చేస్తాయి. ఖారూన్ నది నుండి వచ్చే కుళాయి నీటిలో క్లోరిను ఉంటుంది. కాబట్టి మొదట అన్నిటినీ తొలగించిన శుద్ధజలం కావాలి. ఇంటింటా కనిపించే ఆర్.ఓ. యంత్రం చాలా వరకు ఉపకరిస్తుంది. కాని త్రాగునీటి కోసం అమ్మే యంత్రాలలో రుచికై ఖనిజాలు తిరిగి కలిపే అమరిక ఉంటే దానిని తప్పించి నీరు పట్టుకోవాలి.

ఆ నీటిలో కలిపే ఉప్పు వంటింటి ఉప్పు కాదు. సముద్రపు లవణాలలో సోడియం, క్లోరైడు కలిసి ఎనభై అయిదు శాతం దాకా ఉంటాయి. మిగిలిన పదిహేను శాతంలోనే మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం మొదలైనవన్నీ ఉన్నాయి. ఆ పదిహేనూ లేకపోతే పగడం బ్రతకదు. అక్వేరియం దుకాణాలలో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలిపి, ఒక రోజు చిన్న మోటారుతో తిప్పనిచ్చి, సాంద్రత 1.025 వద్ద ఉన్నదో లేదో చూసుకోవాలి. పాలలో నీళ్ళు కలిపారేమో తేల్చే లాక్టోమీటరుకు తోబుట్టువు వంటి తేలుడు గొట్టం ఇందుకు చాలు. రిఫ్రాక్టోమీటరు ఉంటే మరింత నమ్మకం. విశాఖ నుండి డబ్బాలలో సముద్రపు నీరు తెచ్చుకుంటే చౌక గదా అని తోచవచ్చు. రేవు పట్టణపు ఒడ్డు నీటిలో ఏయే నూనెలు, మురుగు కలిశాయో ఎవరు చెప్పగలరు? రైలు వేడిలో ఒక రాత్రి మగ్గిన తరువాత ఆ నీటిలోని సూక్ష్మప్రాణులు చచ్చి కుళ్ళడం కూడా ఉన్నది.

చిన్న తొట్టెకు ఉన్న పెద్ద దోషం దాని చిన్నతనమే. పొరపాటును కప్పిపుచ్చే నీరు అందులో ఉండదు. 60 లీటర్ల తొట్టెను తీసుకుందాం. అందులో ఉప్పు 2,100 గ్రాములు. ఎండాకాలంలో ఒక్కరోజున రెండు లీటర్లు ఆవిరైతే నీరు పోతుంది, ఉప్పు పోదు. లీటరుకు 35 గ్రాములున్నది 36 దాటుతుంది. మూడు రోజులు పట్టించుకోకపోతే దాదాపు 39 అవుతుంది. లోటును ఉప్పునీటితో పూరించేవారున్నారు. అది మంటలో నూనె పోసినట్లే. ఆవిరైనంత మేరకు మంచినీరే, అదీ శుద్ధజలమే, ప్రతి దినమూ పోయాలి.

ఇక వేడి. పగడానికి 24 నుండి 27 డిగ్రీల సెంటిగ్రేడు హాయి. రాయపూర్‌లో మే మాసపు మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు చూడని ఏడు అరుదు. తెలుగువారు రోళ్ళు పగిలే రోహిణి కార్తె అనే రోజులనే అక్కడివారు నౌతపా అంటారు. నీటి ఉపరితలం మీదుగా చిన్న పంకా గాలి వీచేటట్లు అమర్చితే ఆవిరితోపాటు వేడి కూడా పోతుంది. ఇంటింటా ఉండే కూలరు సూత్రమే ఇదీ. పొడిగాలి వీచే ఏప్రిల్, మే నెలలలో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది; కాని అప్పుడే నీరు ఎక్కువగా తరుగుతుంది. గాలి తేమతో బరువెక్కిన జులై, ఆగస్టులలో పంకా అంతగా ఉపకరించదు. నడి వేసవిలో గది స్వయంగా 38 డిగ్రీలకు చేరితే పంకాతో గట్టెక్కడం కష్టం; శీతల యంత్రమో, ఎయిర్ కండిషనర్ ఉన్న గదో తప్పనిసరి. ఆ ఖర్చు భరించలేనివారు చేపలతోనే ఆగిపోవడం మేలు. అందులో చిన్నతనమేమీ లేదు.

నీరు, ఉప్పు, చల్లదనం కుదిరిన తరువాత కూడా తొందరపడరాదు. కొత్త తొట్టె చూడడానికి స్వచ్ఛంగా ఉంటుంది కాని అది నిర్జీవం. చేపల మలం, మిగిలిన ఆహారం కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. దానిని ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైటుగాను, మరొక జాతి నైట్రేటుగాను మారుస్తాయి. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త వినొగ్రాడ్‌స్కీ ఈ జీవులను వేరుచేసి చూపాడు. ఇవి రాళ్ళ సందులలో, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. పరీక్షా ద్రావణాలతో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరి అక్కడే నిలిచిన తరువాత ఒకటి రెండు చేపలు. వాటితో తొట్టె కొన్ని నెలలు నిలకడగా నడచిన తరువాతనే పగడం. ఈ మధ్యకాలంలో రాళ్ళ మీద గోధుమరంగు నాచు, ఆపై పచ్చనాచు వచ్చి పోతాయి. వాటిని చూసి బెదిరి మందులు పోయనక్కరలేదు.

ఇండ్లలో పగడాలు బ్రతుకుతాయని ప్రపంచానికి చూపినవారిలో ముందుగా చెప్పదగినవాడు జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్. జీవమున్న సముద్రపు రాళ్ళు, కొద్దిపాటి గాలిబుడగలు, ఎండ వెలుతురు. ఇంతకు మించిన యంత్రాలు లేకుండా తాను నడిపిన తొట్టెల వివరం 1961లో ఒక అమెరికన్ పత్రికలో ప్రకటించాడు. అతని చెంత సముద్రముండేది. రాయపూర్‌వాసికి ఆ సౌకర్యం లేదు. ఉన్నా, నేటి భారతదేశంలో సముద్రం నుండి అలా రాయి తెచ్చుకోవడానికి వీలులేదు.

ఇక్కడే, దుకాణదారులు తరచుగా దాటవేసే ముఖ్య విషయమొకటి ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో, పులి, ఏనుగుల సరసన, 2001లో పగడాలను చేర్చారు. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, వేణు పగడం, అగ్ని పగడాలు, విసనకర్రల వంటి సముద్రవీవనలు ఆ పట్టికలోనివి. 2022లో చట్టాన్ని సవరించి పట్టికలను కుదించినప్పుడు కూడా రాతి పగడాలకు రక్షణ తొలగలేదు. మొదటి పట్టికలోని ప్రాణికి సంబంధించిన నేరానికి మూడేండ్లకు తగ్గని, ఏడేండ్ల వరకు పొడిగించదగిన జైలుశిక్ష, ఇరవై అయిదు వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. చచ్చిన పగడపు ఎముకకూ ఈ నిషేధం వర్తిస్తుంది. విదేశాల నుండి తెచ్చే రాతి పగడాలకు అంతర్జాతీయ వన్యజీవి వ్యాపార ఒడంబడిక ప్రకారం అనుమతి పత్రాలు కావాలి. ఆ ఒడంబడికలో భారతదేశం 1976 నుండి భాగస్వామి. “ఇది తొట్టెలో పెరిగినదే” అన్న నోటిమాట న్యాయస్థానంలో నిలవదు.

ఈ కాఠిన్యానికి కారణం లేకపోలేదు. మన దేశపు పగడపు దిబ్బలు నాలుగు చోట్లనే ప్రధానంగా ఉన్నాయి: మన్నారు సింధుశాఖ–పాక్ జలసంధి ప్రాంతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబారులు. ఆంధ్ర తీరాన గోదావరి, కృష్ణలు తెచ్చే మంచినీరు, ఒండ్రు పెద్ద దిబ్బలు పెరగనివ్వవు. మన్నారు దీవుల వద్ద దశాబ్దాల తరబడి పగడాన్ని బండ్లకొద్దీ తవ్వి సున్నం కాల్చడానికి, కర్మాగారాలకు తరలించారు. రాయపూర్ నేల ఏ రాతిని ఇస్తున్నదో ఆ రాతికోసమే బ్రతికి ఉన్న దిబ్బలను త్రవ్వారన్నమాట. 1986లో అక్కడ సముద్ర జాతీయోద్యానం ఏర్పడింది. త్రవ్వకం ఆగినా వేడిమి ఆగలేదు. 1998, 2010, 2016 సంవత్సరాలలో మన సముద్రాలలో పగడాలు విస్తారంగా వెలిసిపోయాయి. ప్రపంచవ్యాప్తమైన నాలుగవ వెలిసిపాటు సాగుతున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వేసవి గరిష్ఠానికి ఒక్క డిగ్రీ మించి నీరు కొన్ని వారాలు నిలిస్తే చాలు, అద్దెదారు ఇల్లు ఖాళీ చేస్తుంది. రాయపూర్‌లో ఒక మే మధ్యాహ్నం విద్యుత్తు పోయినప్పుడు 60 లీటర్ల తొట్టెలో జరిగేదీ, మన్నారులో జరిగేదీ ఒకటే.

అందుచేత మొదటి పగడంగా ఎముకలేని మెత్తని జాతులనే ఎన్నుకోవడం అన్ని విధాలా క్షేమం. అవి పట్టికలోని రాతి పగడాలు కావు, పెంచడానికీ సులభం. అయినా తొట్టెలలో కోసి పెంచిన ముక్కనే, బిల్లుతో సహా తీసుకోవాలి. సందేహముంటే అటవీశాఖ కార్యాలయంలో విచారించడం మంచిది. పుట్టగొడుగు పగడమనబడే డిస్కోసోమా అందరికన్న ఓర్పు గలది. తక్కువ వెలుతురుతో, నెమ్మదైన ప్రవాహంతో సరిపెట్టుకుంటుంది. నీటిలో కొద్దిగా నైట్రేటు ఉన్నా సణగదు. తోలు పగడమనే సార్కోఫైటాన్ కూడా గట్టిదే. అప్పుడప్పుడు వారం రోజులు ముడుచుకొని, మైనపు పొర విడిచి తిరిగి విచ్చుకుంటుంది. ఆ వారంలో కొత్త యజమానులు అది చచ్చిందని పారవేయడం కద్దు. జీనియా చూడముచ్చటైనది. చిన్న చేతుల వంటి రేకులను పిడికిలి బిగించి విప్పినట్లు ఎడతెగక ఆడిస్తుంది. ఆ ఆట ఎందుకన్నది చిరకాలపు ప్రశ్న. 2013లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఎర్రసముద్రంలో పరిశీలించి, ఆ కదలికల వల్ల దేహంలో పేరుకున్న ప్రాణవాయువు నీటిలోకి పోయి, లోపలి నాచు మరింత చురుకుగా ఆహారం తయారుచేస్తున్నదని నిరూపించారు. అయితే అది చిన్న తొట్టెనంతా ఆక్రమించుకునే గుణం గలది. వేరుగా ఒక రాయి మీద ఉంచితే మంచిది.

గుండీల గుత్తివలె రంగురంగులుగా ఉండే జోయాంథస్‌లను కూడా తొలి పగడాలుగా అమ్ముతారు. వాటి విషయంలో ఒక హెచ్చరిక ఎంత గట్టిగా చెప్పినా ఎక్కువ కాదు. వాటి దగ్గరి బంధువైన పాలిథోవాలో పాలిటాక్సిన్ అనే విషముంటుంది. హవాయి దీవులలో పూర్వులు ఈటె మొనలకు పూసిన విషమిదేనని చెబుతారు. 1971లో అక్కడి శాస్త్రజ్ఞులు దానిని వేరుచేశారు. ప్రకృతిలోని అతి తీవ్ర విషాలలో అది ఒకటి. తొట్టెలోని రాతిని శుభ్రపరచాలని వేడినీటిలో ఉడికించి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలు ఆసుపత్రి పాలైన ఉదంతాలున్నాయి. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఇటువంటి ప్రమాదమే జరిగి, ఇంటివారితోపాటు ఆదుకోవచ్చిన సిబ్బంది కూడా చికిత్స పొందారు. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు లేకుండా ఈ జాతిని కోయరాదు; వంటగది దరిదాపులకు తేరాదు; రాళ్ళను ఎన్నడూ ఉడికించరాదు. పసిపిల్లలున్న ఇంటికి పుట్టగొడుగు పగడమే చాలు.

ముక్క ఇంటికి వచ్చిన సాయంత్రం చేయవలసినది కొద్దిపాటి పనే. సంచీని విప్పకుండా అరగంట తొట్టె నీటిపై తేలనిస్తే వేడి సమమవుతుంది. తరువాత ఆ నీటిని గిన్నెలోకి వంచి, సన్నని గొట్టంతో తొట్టె నీరు బొట్టు బొట్టుగా ముప్పావు గంట పడనివ్వాలి. దుకాణపు నీటిని తొట్టెలో పోయకూడదు. ముక్కకు అంటుకొని వచ్చే చీడపురుగులు, నత్తల గుడ్లు ఉంటాయి గనుక, ఇందుకోసం అమ్మే ద్రావణంలో ముంచి కడిగి, మొదట తొట్టె అడుగున, నీడపట్టున ఉంచాలి. నీలం పాలు ఎక్కువగా ఉన్న ఎల్.ఇ.డి. దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలు. దీపపు జోరు చూపించాలనే ఉబలాటంతో మొదటి రోజే పూర్తి వెలుగు పెట్టేవారు ఎక్కువ. నీడలో పెరిగిన ముక్కకు అది ఎండదెబ్బ. వారానికి కొంచెం చొప్పున వెలుగు పెంచాలి. రోజూ చోటు మార్చి సతాయించకూడదు.

తరువాత మిగిలేది నిత్యకృత్యం: వారానికి పదవ వంతు నీరు మార్చడం, లవణ సాంద్రత చూడడం, చేపలకు చిటికెడు మాత్రమే మేత వేయడం. మెత్తని పగడాలు కాల్షియాన్ని అంతగా కోరవు గనుక ఈ నీటి మార్పిడితోనే వాటి అవసరాలు తీరుతాయి. విద్యుత్తు పోయే వేళకు బ్యాటరీతో నడిచే గాలి పంపు సిద్ధంగా ఉండాలి. ఉప్పునీరు మంచినీటికన్న తక్కువ ప్రాణవాయువును ఇముడ్చుకుంటుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా తక్కువ. ప్రవాహం ఆగిన తొట్టెలో ముందు చేపలు పోతాయి. వాటి వెనుకనే, అవి కుళ్ళిన నీటిలో, పగడం.

అన్నీ కుదిరితే కొన్ని నెలలకు పుట్టగొడుగు పగడం రాతి మీద మెల్లగా జరుగుతుంది. జరిగిన చోట పాదంలోని చిన్న ముక్క, పప్పుబద్ద అంతది, తెగి మిగులుతుంది. మొదట అది మరకవలె ఉంటుంది. కొన్ని వారాలకు దానికి నోరు వస్తుంది, అంచు గుండ్రబడుతుంది, తల్లి రంగు పూర్తిగా పట్టుకుంటుంది. అది ఉన్న రాతి పెచ్చును ఊడదీసి, ఉప్పునీటి సంచీలో పెట్టి, భిలాయిలో తొట్టె సిద్ధం చేసుకొని కూర్చున్న మరొక కుటుంబానికి లోకల్ రైలులో పంపవచ్చు. ప్రయాణం గంట కూడా పట్టదు.